ముప్పై ఏడున్నర డిగ్రీలు

గుణుపురంలో నా గది అద్దె పదమూడు వందలు.
అందులో నాకొక నులక మంచం,
గుడ్లకొక థర్మాకోల్ పెట్టె.
చేపలొచ్చిన పెట్టె. ఎన్నిసార్లు కడిగినా
సముద్రం దాన్ని వదల్లేదు.
నలభై వాట్ల బల్బు, పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను,
గిన్నెడు నీళ్ళు.
ముప్పై ఏడున్నర దాటితే బల్బు ఆరాలి,
తగ్గితే వెలగాలి.
దీన్నే మా సారు మూడు డబ్బాలు గీసి
ఒక బాణాన్ని వెనక్కి తిప్పి
కంట్రోల్ సిస్టమ్స్ అంటాడు.

తెల్లారగట్ల నాలుగున్నరకి పాల వ్యాను.
క్రేట్లు దించి వచ్చి గుడ్లు తిప్పాలి.
పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ, ఒక పక్క సున్నా.
సున్నాలు పైకొచ్చాక కాలేజీ.
మధ్యాహ్నం ఇంటావిడ తిప్పుతుంది, మావుసి.
నన్ను ‘కుకుడా ఇంజనీర్’ అని పిలిచి
వీధంతా నవ్విస్తుంది గానీ
ఒక్క గుడ్డూ మర్చిపోదు.

సాయంత్రం తొమ్మండుగురు పిల్లలు.
ఇంట్లో కోడి, బళ్ళో కుకుడా, పరీక్షలో హెన్.
దానికి కాళ్ళెన్ని అనడిగితే
అందరూ రెండన్నారు.
దమయంతి ఒక్కతే కాసేపు ఆలోచించి
‘ఏ భాషలో సార్?’ అంది.
ఆ నెల ఆ పిల్ల ఫీజు అడగలేదు నేను.

ఏడు దాటాక త్రినాథ్ సాహు జిరాక్స్ కొట్టు.
ఎవరివో నోట్సులు గాజు మీద బోర్లా పడుకోబెట్టి
మూత వేస్తాను.
పచ్చవెలుగు అటు పోయి ఇటు వచ్చేలోగా
ఒళ్ళో నవల, రెండు వాక్యాలు.
పాతపట్నం ప్లాట్‌ఫారం మీద కొన్నాను.
చివరి పదహారు పేజీలు లేవని
అమ్మినవాడే చెప్పి
ఐదు రూపాయలు తగ్గించాడు.

సంతలో సవర ఆడవాళ్ళు
కోడిపిల్లని అరచేతిలో వెల్లకిలా తిప్పి
కాళ్ళు చూసి కొంటారు.
చిల్లర లేకపోతే చింతపండు.
చింతపండు మెస్సుకి అమ్మితే మెస్సువాడు బాకీ,
బాకీ కింద కాలిపోయిన ఫ్యాను,
దానికి రాగితీగ చుట్టి సాహుకి అమ్మితే
అతను జీతంలో కలిపి ఇస్తానన్నాడు.
ఇంకా కలపలేదు.

పంతొమ్మిదో రాత్రి.
తెల్లారితే కంట్రోల్ సిస్టమ్స్ పరీక్ష.
వంశధార అవతల గాలివానకి ఎక్కడో తీగ తెగింది.
ముప్పై ఆరు.
ముప్పై ఐదున్నర.
మావుసి శనగలు వేపే మూకుడు పొయ్యి మీద పెట్టి
ఇసక వేపింది.
పాత చీర చింపి మూటలు కట్టాం.
నేను టార్చి వేసి అంకె చెప్తాను,
ఆవిడ మూట తీస్తుంది, మూట పెడుతుంది.
బల్బు ఆవిడ.
వెనక్కి తిరిగిన బాణం నేను.

నోట్సు తెరిస్తే
రూట్ లోకస్ మీద ఇసక రాలింది. మూసేశాను.
నిద్ర రాకుండా ఏదైనా చెప్పమంది.
నవల చెప్పాను, ఆవిడ ఒరియాలోకి నా తెలుగు కుంటుకుంటూ వెళ్ళింది.
‘ఆఖర్న ఏమయ్యారు?’
పేజీలు లేవు మావుసీ.
‘అయితే ఇంకా బతికే ఉంటారు లే’ అంది,
ఇంకో మూట అందిస్తూ.

ఒక గుడ్డుకి టార్చి ఆనించాను.
లోపలంతా నలుపు, గాలి గది అంచున
ఏదో తోసింది.
ఇద్దరం మాట్లాడలేదు.

నాలుగుంపావుకి కరెంటు. నాలుగున్నరకి వ్యాను.
నిత్యజీవితంలో క్లోజ్డ్ లూప్‌కి ఒక ఉదాహరణ, ఐదు మార్కులు:
నాలుగు పేజీలు రాశాను, ఇసక గురించి.
తక్కిన ప్రశ్నల మీద తల పెట్టి నిద్రపోయాను.

అరవైకి నలభై ఒకటి పొదిగాయి.
వందకి ఇరవై ఆరు వచ్చాయి.
మళ్ళీ రాయడానికి ఐదు వందలు.
పిల్ల నలభై లెక్కన పన్నెండున్నర పిల్లలు.

ఆ అరపిల్లని ఎక్కణ్ణుంచి తేవాలో తేలక
కొత్త విడత తిప్పుతున్నాను,
ఇంటూలు కిందకి,
సున్నాలు పైకి.